ఖరీదైన నూనెలు పోసినా సబ్బు మామూలుగానే ఎందుకు అనిపిస్తోంది?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంత వరకు ఒకసారి చెబుతాను. మీరు జగిత్యాలలో ఇంటి దగ్గర కోల్డ్ ప్రాసెస్ పద్ధతిలో, అంటే నూనెల్లో కాస్టిక్ సోడా ద్రావణం కలిపి ఉడికించకుండా, సబ్బులు చేస్తున్నారు. మీ కొలత: కొబ్బరి నూనె 40 శాతం, ఆలివ్ 30, పొద్దుతిరుగుడు 15, బాదం 10, ఆర్గాన్ (మొరాకో నుంచి వచ్చే ఖరీదైన గింజల నూనె) 5. పైన కుంకుమపువ్వు, కొంచెం పసుపు, బంగారు రంగు మైకా (మెరుపు పొడి). నాలుగు వారాలు ఆరబెట్టి, ఒక్కోటి 250 రూపాయలకు ఇస్తున్నారు. కొన్నవాళ్లు మాత్రం "నురగ బాగానే ఉంది, కానీ మామూలు సబ్బులాగే ఉంది, స్నానం అయ్యాక ఒళ్లు బిగుసుకుంటోంది, రెండు వారాల్లో కరిగిపోయింది" అంటున్నారు. ఇంకే ఖరీదైన నూనె కలిపితే 'లగ్జరీ' అనిపిస్తుందని మీరు అడిగారు.

ఖరీదైన నూనె ఏదీ కొత్తగా కొననక్కర్లేదు. కొబ్బరి నూనెను దాదాపు సగానికి తగ్గించండి. ఆ ఖాళీలో గట్టి కొవ్వులు చేర్చండి. ఆముదం కొంచెం వేయండి. సబ్బును ఎనిమిది వారాలైనా ఆరనివ్వండి. మీ కొనుగోలుదారు ఇంట్లో వచ్చే నీళ్లకు తగ్గట్టు తయారు చేయండి. ఈ పనులు చేస్తే ఆర్గాన్, బాదం నూనెలు తీసేసినా మీ సబ్బు ఇప్పటికంటే ఎంతో మెత్తగా, నిండుగా ఉంటుంది. ఖర్చు కూడా తగ్గుతుంది.

హనుమకొండలో సబ్బుల తయారీయే నా జీవనాధారం. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మీరు అడిగిన ప్రశ్నతోనే వస్తారు, చేతిలో ఏదో ఒక చిన్న ఖరీదైన సీసా పట్టుకుని. అందుకే కారణాలు వివరంగా రాస్తున్నాను. కారణం తెలియకుండా కొలత మాత్రమే తీసుకుంటే రేపు ఒక నూనె దొరకనప్పుడు మళ్లీ ఇక్కడికే వస్తారు.

ముందు ఆర్గాన్ సంగతి. నూనె క్షారంతో, అంటే కాస్టిక్ సోడాతో, కలిసినప్పుడు విడిపోయి సబ్బుగా, గ్లిజరిన్‌గా మారుతుంది. ఆ క్షారానికి మీరు వేల రూపాయలు పెట్టి కొన్న నూనె ఏది, గానుగలో తెచ్చిన నూనె ఏది అనే తేడా లేదు. అన్నింటినీ మారుస్తుంది. కాస్టిక్ కొంచెం తక్కువ వేసి 5 శాతం నూనె మిగిలేలా చేస్తాం కదా, ఆ మిగిలేది ఆర్గానే అయి ఉండాలని చివర్లో, మిశ్రమం చిక్కబడ్డాక పోసేవాళ్లున్నారు. ఉడికించే పద్ధతిలో, పని పూర్తిగా ముగిశాక పోస్తే అది కొంతవరకు సాధ్యం. కోల్డ్ ప్రాసెస్‌లో మిశ్రమం చిక్కబడే సమయానికి క్షారం ఇంకా చాలా మిగిలే ఉంటుంది, చివర పోసిన నూనెనూ అది వదలదు. మిగిలేది అన్ని నూనెల కలగలుపే. పైగా సబ్బు ఒంటి మీద ఉండేది నిమిషమో రెండు నిమిషాలో. ఆర్గాన్‌ను ముఖానికి రాసుకునే నూనెగా అమ్మండి, దానికి న్యాయం జరుగుతుంది.

చేతికి తెలిసేది నూనె పేరు కాదు, అందులోని కొవ్వు ఆమ్లాలు. సబ్బు చేసేవారికి ఇంతకంటే పనికొచ్చే విషయం నేను చెప్పలేను, కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను.

కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం, మరో 18 శాతం దాకా మిరిస్టిక్ ఆమ్లం ఉంటాయి. ఈ రెండూ పెద్ద పెద్ద బుడగలు, త్వరగా లేచే నురగ ఇస్తాయి. మురికితో పాటు చర్మం మీది సహజమైన జిడ్డునూ లాగేస్తాయి. వీటి నుంచి వచ్చే సబ్బు నీళ్లలో తేలిగ్గా కరుగుతుంది కూడా. మీ కొలతలో 40 శాతం కొబ్బరి అంటే ఈ రెండు ఆమ్లాలే కలిపి పాతిక శాతం దాటుతున్నాయి. "నురగ బాగుంది, ఒళ్లు బిగుసుకుంటోంది, త్వరగా కరిగిపోయింది" అని మీవాళ్లు చెప్పిన మూడు మాటలకూ మూలం ఇదొక్కటే.

పామిటిక్, స్టియరిక్ ఆమ్లాలది ఇంకో స్వభావం. ఇవి సబ్బును గట్టిగా, బరువుగా ఉంచుతాయి. వీటి నురగ ఆలస్యంగా లేస్తుంది, బుడగలు చాలా చిన్నవి, గిలక్కొట్టిన మీగడలా చేతి మీద నిలుస్తుంది. ఖరీదైన సబ్బు వాడినప్పుడు మనకు కలిగే ఆ నిండుదనం చాలావరకు ఈ నురగదే. మీ కొలతలో ఈ రెండూ కలిపి పన్నెండు, పదమూడు శాతానికి మించి లేవు. ఇరవై ఐదు నుంచి ముప్పై శాతం ఉండాలి.

ఒలీక్ ఆమ్లం (ఆలివ్, బాదం నూనెల్లో ఎక్కువ) మృదువుగా ఉంటుంది, కానీ ఒంటరిగా వదిలేస్తే నురగ జారుడుగా, జిగురుగా తయారవుతుంది. ఇక లినోలిక్ ఆమ్లం. పొద్దుతిరుగుడు నూనెలో సాధారణంగా సగానికి పైగా ఇదే. ఇది సబ్బును మెత్తబరుస్తుంది, గాలికి త్వరగా పాడవుతుంది. కొన్నాళ్లకు సబ్బు మీద నారింజ రంగు మచ్చలు, పాత నూనె వాసన వస్తే దాని పనే. మొత్తం సబ్బులో ఇది 15 శాతం లోపు ఉంచండి. మన ఎండలకు ఈ హద్దు తప్పక పాటించాలి.

ఆముదం సంగతి వేరుగా చెప్పాలి. అందులో 85 నుంచి 90 శాతం రిసినోలిక్ ఆమ్లం. సొంతంగా గొప్ప నురగ ఇవ్వదు, పక్క నూనెలు ఇచ్చిన నురగను నిలబెడుతుంది, మిగతా సబ్బు సులువుగా కరిగి నురగెత్తేలా చేస్తుంది. 5 నుంచి 8 శాతం చాలు. పది దాటితే సబ్బు అంటుకుంటుంది. ఇంత తక్కువ ధరలో ఇంత తేడా చూపించే నూనె మరొకటి నాకు తెలియదు. మీ కొలతలో అది అసలు లేకపోవడం చూసి బాధేసింది.

నేను రోజూ చేసే సబ్బు కొలత ఇది: ఇప్ప నూనె 30, కొబ్బరి 22, తవుడు నూనె 20, కొకుమ్ బటర్ (కొకుమ్ గింజల నుంచి తీసే గట్టి కొవ్వు) 15, ఆముదం 8, నువ్వుల నూనె 5. క్షారం లెక్క మాత్రం నేను ఇవ్వను. మీ దగ్గరున్న నూనెలకు సబ్బు కాలిక్యులేటర్‌లో (నూనెల బరువులు ఇస్తే కాస్టిక్ ఎంతో చెప్పే ఆన్‌లైన్ సాధనం) మీరే వేసుకోవాలి, 5 శాతం నూనె మిగిలేలా. గానుగ నూనెలు ఒక్కో విడతకు కొద్దిగా మారుతుంటాయి కాబట్టి ఆ 5 శాతాన్ని తగ్గించకండి. కాస్టిక్‌కు రెండింతల బరువు నీళ్లు పోస్తే సరిపోతుంది. ఇంకా ఎక్కువ నీళ్లు పోస్తే ఆరడానికి అంత ఎక్కువ కాలం పడుతుంది.

ఇప్ప నూనె పేరు చూసి కొందరు ఆశ్చర్యపోతారు. ఆదిలాబాద్, ములుగు వైపు ఊళ్లలో వంటకు, దీపానికి, చలికాలం పగిలిన కాళ్లకు వాడిన నూనె. మన దేశంలో సబ్బుల పరిశ్రమ దాన్ని ఎంతోకాలంగా వాడుతోంది. చలికి నెయ్యిలా పేరుకుంటుంది, ఎందుకంటే అందులో పామిటిక్, స్టియరిక్ ఆమ్లాలు కలిపి దాదాపు నలభై శాతం పైనే ఉంటాయి. మిగతాది ఎక్కువగా ఒలీక్. అంటే గట్టిదనం, మృదుత్వం రెండూ ఒకే గింజలో ఉన్నాయి. షియా బటర్ కోసం ఆఫ్రికా వైపు చూసే మనకు, అడవి అంచున దొరికేది అదే పని చేస్తుందని చెప్పడానికి నాకు గర్వంగా ఉంటుంది.

కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఇప్ప గింజలు రాలేది వానలు మొదలయ్యే రోజుల్లో. తడిసిన గింజను సరిగా ఎండబెట్టకుండా గానుగాడితే నూనెలో విడి కొవ్వు ఆమ్లం పెరుగుతుంది. అలాంటి నూనె వేస్తే మిశ్రమం గిన్నెలోనే గబగబా గట్టిపడి, అచ్చులో పోసే సమయం కూడా ఇవ్వదు. వాసన చూస్తే తెలుస్తుంది: తాజా నూనెకు గింజ వాసన ఉంటుంది, పాతదానికి గొంతులో గరగర పుట్టించే ఘాటు ఉంటుంది. రెండోది, ఆ నూనెకు ఉండే పసుపు రంగు. సబ్బు తెల్లగా రాదు, లేత దంతం రంగులో వస్తుంది. ఆ రంగే అందంగా ఉంటుంది, మైకా అవసరం లేదు. ఇప్ప నూనె దొరకకపోతే ఆ 30 శాతాన్ని పామాయిల్ 20, తవుడు నూనె 10గా పంచుకోండి. తవుడు నూనె పెరిగితే లినోలిక్ కూడా పెరిగి 15 శాతం హద్దును తాకుతుంది, కాబట్టి అప్పుడు నువ్వుల నూనె తీసేసి ఆ 5 శాతం కొకుమ్‌కు ఇవ్వండి.

ఇక నీళ్లు. ఉత్తర తెలంగాణలో సబ్బు చేసేవారు నూనె కంటే ముందు ఆలోచించాల్సింది నీళ్ల గురించే. మన బోరు నీళ్లు చాలా చోట్ల కఠినమైనవి. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే నీళ్లు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. బకెట్ అంచున, కుళాయి మూతి దగ్గర తెల్లటి పొర కట్టే ఇళ్లు మీకు తెలిసే ఉంటాయి. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకుని కరగని తెట్టుగా మారుస్తాయి. నురగ రాదు. అంతకంటే ఇబ్బంది, ఆ తెట్టు చర్మానికి, జుట్టుకు అంటుకుంటుంది. ఎన్ని చెంబులు పోసుకున్నా వదలనట్టు, తర్వాత చర్మం గీరుకున్నట్టు ఉంటుంది. మీరు మిషన్ భగీరథ నీళ్లతోనో, ఫిల్టర్ నీళ్లతోనో పరీక్షించి "అద్భుతం" అనుకున్న సబ్బు, పక్క వీధిలో బోరు నీళ్ల ఇంట్లో చతికిలపడుతుంది.

కాజీపేట వైపు ఒక అపార్ట్‌మెంటులో ఇద్దరు అక్కచెల్లెళ్లు నా దగ్గర ఒకే రోజు చేసిన సబ్బు కొన్నారు. ఒకరు మళ్లీ కావాలని ఫోన్ చేశారు, మరొకరు బాగా లేదని. ఇద్దరి ఇళ్లకూ వెళ్లి చూస్తే, ఒకరింట్లో బాత్రూంకు నది నీళ్లు వస్తున్నాయి, మరొకరింట్లో బోరు నీళ్లు. సబ్బులో ఏ తేడా లేదు.

దీనికి మందు చవకైనదే. సిట్రిక్ ఆమ్లం, కిరాణా కొట్టులో నిమ్మ ఉప్పు పేరుతో దొరికేది. కిలో నూనెకు 15 గ్రాములు నీళ్లలో ముందుగా కరిగించండి. అది క్షారంలో కలిసి సోడియం సిట్రేట్‌గా మారి, కఠిన జలంలోని కాల్షియాన్ని కొంత పట్టి ఉంచుతుంది. అయితే ఆ మార్పుకు అదనంగా కాస్టిక్ ఖర్చవుతుంది: ఒక్కో గ్రాము సిట్రిక్ ఆమ్లానికి 0.624 గ్రాములు. 15 గ్రాములకు 9.4 గ్రాములు కాలిక్యులేటర్ చెప్పినదానికి కలపాలి. ఇది మరిచిపోతే సబ్బులో మిగిలే నూనె పెరిగిపోయి జిడ్డుగా, నురగ లేకుండా అవుతుంది. కాస్టిక్ కరిగించడానికి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే వాడండి. బోరు నీళ్లతో చేస్తే ఆ తెట్టును సబ్బు లోపలే పెట్టి అమ్మినట్టు అవుతుంది.

పరీక్షించే పద్ధతి కూడా మార్చుకోండి. మూడు సీసాల్లో మూడు ఇళ్ల నీళ్లు తెచ్చుకోండి, ఒకటి తప్పకుండా బోరుది ఉండాలి. అరచేతిలో రుద్ది నిర్ణయించవద్దు, అక్కడి చర్మం మందం, ఏదీ సరిగా తెలియదు. మోచేతి లోపలి వైపు కడిగి, తుడిచి, పది నిమిషాలు వేరే పని చూసుకుని అప్పుడు తాకి చూడండి. బిగుతు అప్పుడే బయటపడుతుంది. మీ సబ్బును, కొట్లో సబ్బును ఒకే ఆకారంలో ముక్కలు కోసి పేరు చెప్పకుండా ఇంట్లోవాళ్లకు ఇవ్వండి. ధర తెలిసిన చెయ్యి నిజం చెప్పదు.

జారుడుగా, పట్టులా సాగే నురగ కావాలంటే నిజంగానే పట్టు వేయవచ్చు. ఇది ప్రచారం కోసం వేసేది కాదు, పనిచేస్తుంది. మహదేవపూర్, చెన్నూరు ప్రాంతాల్లో మద్ది చెట్ల మీద పెంచే దసలి పట్టు మనకు దగ్గరలోనే ఉంది. పట్టు వేసే సబ్బు తయారీదారుల్లో చాలామంది వాడేది ఈ దసలి రకమే. దారం తీయగా మిగిలిన వ్యర్థం చాలు, కిలో నూనెకు గ్రాముకు మించకుండా. రంగు వేయనిది, ఉడికించి జిగురు తీసినది తీసుకోండి. దువ్వి, సన్నగా కత్తిరించి, కాస్టిక్ కలిపిన వెంటనే ద్రావణం వేడిగా ఉన్నప్పుడే అందులో వేసి కదపాలి. చల్లారిందంటే కరగదు. కరగని పీచు మిగిలితే వడకట్టండి. ఇలా చేసిన సబ్బు తడి చేతిలో సాఫీగా జారుతుంది, ఆ తేడా పేరు చెప్పకుండా ఇచ్చినా గుర్తుపడతారు.

మేకపాలు కూడా అంతే, పనిచేసే పదార్థం. పాలలోని చక్కెర నురగను పెంచుతుంది, కొవ్వు దాన్ని చిక్కబరుస్తుంది. పాలను ముందు గడ్డకట్టించి, కాస్టిక్‌ను కొద్దికొద్దిగా వేయాలి, లేకపోతే మాడి గోధుమ రంగుకు తిరుగుతాయి. పాలు వద్దనుకుంటే కిలో నూనెకు 10 గ్రాముల చక్కెర నీళ్లలో కరిగించి వేసినా నురగలో తేడా కనిపిస్తుంది. బెల్లం వేస్తే రంగు మారుతుంది, అంతే.

కుంకుమపువ్వు మానేయండి. మీరు వేసే నాలుగు రేకులతో చర్మానికి తెలిసేదేమీ లేదు, వాసన కూడా క్షారంలో నిలవదు. పసుపు మన నిజామాబాద్, మెట్‌పల్లి రైతుల గొప్ప పంటే, కానీ క్షారం తగలగానే ఎర్రబడి, తర్వాత మట్టి రంగుకు వెలిసిపోతుంది. పసుపు సున్నిపిండిలో ఉంటేనే బాగుంటుంది. మైకా విషయంలో నా అభిప్రాయం గట్టిదే: తువ్వాలుకు అంటే మెరుపు లగ్జరీ కాదు.

ఇక ఆరబెట్టడం. కొట్లో ఖరీదైన సబ్బు అంత బరువుగా, నున్నగా ఉండటానికి కారణం యంత్రాలు. సబ్బు తురుమును ఎండబెట్టి, రోలర్ల మధ్య పలుమార్లు నలగ్గొట్టి, ఒత్తిడితో గాలి లేకుండా కడ్డీలా బయటికి తీస్తారు. మన దగ్గర రోలర్లు లేవు, కాలం ఉంది. కొత్తగా కోసిన సబ్బులో నీళ్లు చాలా ఉంటాయి. నాలుగు వారాలకు వాడుకోవచ్చు, అది నిజమే. కానీ నీళ్లు పోవడం ఒక్కటే కాదు జరిగేది. లోపల సబ్బు స్ఫటికాలు నెమ్మదిగా సర్దుకుంటాయి, దానితో సబ్బు నెమ్మదిగా అరుగుతుంది, నురగ చిక్కబడుతుంది, చర్మానికి మెత్తబడుతుంది. సిరియాలోని అలెప్పోలో ఆలివ్, లారెల్ నూనెలతో ఉడికించి చేసే సబ్బును నెలల తరబడి ఆరబెడతారు. ఆ సంప్రదాయానికి 2024లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. వాళ్ల ఓపికను నేర్చుకుందాం, కొలతను మాత్రం యథాతథంగా తెచ్చుకోవద్దు. ఆలివ్ నూనె ఒక్కదానితోనే కోల్డ్ ప్రాసెస్‌లో చేసిన సబ్బు మన బోరు నీళ్లలో తీగలు సాగుతుంది, ఇక్కడివాళ్లు "జిగురుగా ఉంది, వదలట్లేదు" అనే అంటారు.

ప్రతి విడతలో ఒక సబ్బుకు గుర్తు పెట్టి వారానికోసారి తూచండి. బరువు తగ్గడం దాదాపు ఆగిన తర్వాత ఇంకో రెండు వారాలు ఉంచండి. నా దగ్గర ఇది చలికాలం, ఎండాకాలం సుమారు ఎనిమిది వారాలు, వానాకాలంలో ఇంకా ఎక్కువ పడుతుంది. జూలై నుంచి సెప్టెంబరు వరకు గాలిలో తేమను సబ్బులోని గ్లిజరిన్ పీల్చుకుని పైన చెమట బిందువులు కనిపిస్తాయి. పాడైపోలేదు, తుడిచి ఫ్యాను గాలి తగలనివ్వండి. ప్లాస్టిక్ పొర మాత్రం చుట్టకండి, కాగితం చుట్టండి. మే నెలలో సమస్య దీనికి వ్యతిరేకం: గది 40 డిగ్రీలు దాటితే అచ్చులోనే సబ్బు వేడెక్కి మధ్యలో పగులుతుంది, పాలు, చక్కెర వేసినవైతే పొంగి బయటికి వస్తాయి. తెల్లవారుజామున పోసి, దుప్పటి కప్పకుండా వదిలేయండి. నేనైతే ఏడాదికి కావలసిన సబ్బులో ఎక్కువ భాగం నవంబరు, ఫిబ్రవరి మధ్యే పోసేస్తాను. పెళ్లిళ్ల సీజన్‌కు బాగా ఆరిన సబ్బు చేతిలో ఉంటుంది.

పెళ్లిళ్లంటే గుర్తొచ్చింది. కరీంనగర్ నుంచి ఒక కుటుంబం రిటర్న్ గిఫ్టులకు సబ్బులు కావాలని, మూడు వారాల్లో ఇమ్మని అడిగింది. గులాబీ రేకులు, బంగారు పూత కావాలన్నారు. రేకులు తడిస్తే నల్లబడి స్నానాల గదిలో ఎలుక పెంటికల్లా కనిపిస్తాయని మొహమాటం లేకుండా చెప్పాను. వాళ్లకు అప్పటికే బాగా ఆరి ఉన్న సాదా ఇప్ప సబ్బు ఇచ్చి, అంచులు గుండ్రంగా చెక్కి, పైన పువ్వు ముద్ర వేశాను. పెళ్లికి వచ్చినవాళ్లలో కొందరు తర్వాత నా నంబరు వెతుక్కుని ఫోన్ చేశారు. సబ్బు చేతిలోకి తీసుకున్నప్పుడు మొదట తెలిసేది అంచే. కోసిన పదునైన అంచు చవకగా అనిపిస్తుంది. కూరగాయల పీలర్‌తో నాలుగు వైపులా ఒక పొర తీసి, తడి చేతివేలితో రుద్దండి. 100 నుంచి 110 గ్రాములు, చేతి మడతలో ఇమిడే మందం చాలు. ముద్ర కోసం జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి పనివాళ్లు ఉన్నారు, మీ బొమ్మ తీసుకెళ్తే మాట్లాడి చేయించుకోవచ్చు. సబ్బు కోసిన రెండు మూడు రోజులకు వేస్తే ముద్ర శుభ్రంగా పడుతుంది. ముద్ర వేసేంతసేపు తగిలితే ఫరవాలేదు, అంతకుమించి మాత్రం సబ్బును ఇత్తడి, రాగి పాత్రల్లో ఉంచవద్దు, రాగి తగిలితే నూనె త్వరగా పాడవుతుంది. అల్యూమినియం గిన్నెలో కాస్టిక్ అసలే పోయకూడదు, అది లోహాన్ని తినేసి మండే వాయువును వదులుతుంది. స్టీలు గిన్నెలే వాడండి.

సువాసన గురించి ఒక్క మాట. మైసూర్ శాండల్ సబ్బును చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంతో గంధపు చెక్క ఎగుమతులు ఆగిపోతే మైసూరు సంస్థానం 1916లో బెంగళూరులో సబ్బుల కర్మాగారం పెట్టింది. వందేళ్లు దాటినా ఆ సబ్బు అంటే గంధమే గుర్తొస్తుంది. ఒకే వాసన, స్పష్టంగా ఉండటం వల్ల వచ్చిన నిలకడ అది. మీరు మల్లె, గులాబీ, వెనీలా కలిపి పోస్తున్నారని రాశారు. వెనీలా సబ్బును గోధుమ రంగుకు తిప్పుతుంది, నిమ్మజాతి తైలాలు ఆరేలోపే ఎగిరిపోతాయి. వట్టివేరు తైలం క్షారాన్ని తట్టుకుంటుంది, నెలల తరబడి నిలుస్తుంది, మన వేసవికి నప్పుతుంది. మొత్తం సువాసన నూనె బరువులో 3 శాతం దాటనివ్వకండి. లవంగం, దాల్చిన చెక్క తైలాలు చర్మాన్ని మండిస్తాయి, మిశ్రమాన్నీ గిన్నెలోనే గట్టిపరుస్తాయి, దూరంగా ఉంచండి.

రెండు వారాల్లో కరిగిపోవడంలో మీ తప్పు కానిది కూడా కొంత ఉంది. మన ఇళ్లలో సబ్బు ఉండేది నీళ్లు నిలిచే ప్లాస్టిక్ పెట్టెలోనో, తొట్టి గట్టు మీదనో. చెంబుతో పోసుకునే ప్రతిసారీ దాని మీద నీళ్లు పడతాయి. సబ్బుతో పాటు అడుగున గాడులున్న చిన్న చెక్క పలక ఇవ్వండి. వడ్రంగి దగ్గర మిగిలిన ముక్కలతో చేయించుకోవచ్చు. ఫిర్యాదుల్లో సగం దీనితోనే ఆగిపోతాయి.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పాలి. అందరికీ ఒకే సబ్బు హాయిగా ఉండదు. గోదావరిఖనిలో నా దగ్గర కొనే కుటుంబాలున్నాయి. గనిలో పనిచేసి వచ్చినవాళ్లకు పై కొలతలోని సబ్బు చాలదు, బొగ్గు ధూళి వదలాలి. వాళ్లకు కొబ్బరి 30కి పెంచి, ఇప్ప 22కి తగ్గించి చేస్తాను. ఒంటి మీద ఏ జారుడూ మిగలకుండా కడుక్కుపోవడమే వాళ్లకు హాయి. పొడిచర్మం ఉన్న పెద్దవాళ్లకు కొబ్బరిని 15కి దించి, తగ్గిన 7 శాతం కొకుమ్‌కు ఇస్తాను. మిగిలే నూనెను మాత్రం 5 నుంచి 8కి పెంచను. నూనె ఎక్కువ మిగిలితే మృదువుగా ఉంటుందని చాలాచోట్ల రాస్తారు. మన ఎండలో ఆ మిగిలిన నూనే ముందుగా పాడవుతుంది, నురగనూ అణిచేస్తుంది, ఇక్కడివాళ్లకు అది శుభ్రం కానట్టు అనిపిస్తుంది.

అమ్మకం గురించి అడగలేదు కానీ 250 రూపాయలకు ఇస్తున్నారు కాబట్టి చెప్పాలి. సబ్బు తయారుచేసి అమ్మడానికి 2020 కాస్మెటిక్స్ నిబంధనల కింద రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం నుంచి లైసెన్సు కావాలి. లైసెన్సు ఉన్న మరొకరి యూనిట్‌లో మీ సబ్బు చేయించుకునే దారి కూడా ఉంది. మొటిమలు, గజ్జి తగ్గుతాయని లేబుల్ మీద రాయకండి, అది మందు అమ్మినట్టే. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా కాస్టిక్ ముట్టకండి. కాస్టిక్‌నే నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, నీళ్లను ఎప్పుడూ కాస్టిక్ మీద పోయకూడదు.

కొత్త కొలతతో మొదట కిలో నూనెకే చేయండి. దానికి సుమారు పన్నెండు, పదమూడు సబ్బులు వస్తాయి. వాటిలో సగం సిట్రిక్ ఆమ్లం లేకుండా, సగం వేసి చేస్తే మీ జగిత్యాల నీళ్లకు అది ఎంత అవసరమో మీ చేతికే తెలుస్తుంది. దగ్గర మిగిలిన పాత సబ్బులను పారేయవద్దు, కరిగించి మళ్లీ పోయనూ వద్దు. ఇంకో నాలుగు వారాలు ఆరనివ్వండి, బిగుతు కొంత తగ్గుతుంది. 40 శాతం కొబ్బరి ఉన్న సబ్బు వంటింటి సింకు దగ్గర చేతులు కడుక్కోవడానికి చక్కగా పనిచేస్తుంది, నూనె మరకలను బాగా వదిలిస్తుంది. చిన్న ముక్కలుగా కోసి, ఆ పేరుతోనే తక్కువ ధరకు ఇచ్చేయండి. పొద్దుతిరుగుడు నూనె ఉంది కాబట్టి వచ్చే ఎండాకాలం లోపే అవి అయిపోయేలా చూసుకోండి.